గృహారోగ్యము: క్రొవ్వు పంపెడి వార్త



స్త్రీల శరీరమును గూర్చి లోకమునకు మిక్కిలి సులభముగా నోటికి వచ్చు మాటలు రెండు. లావుగా నున్నచో "తిండి యెక్కువ" అనుట. సన్నగా నున్నచో "ఇంటిలో సరిగా పెట్టరు కాబోలు" అనుట. ఎర్రగడ్డ రైతుబజారులో కూరలు బేరమాడుచు, తక్కెడలో నెక్కిన వంకాయల తూకముతోబాటు ప్రక్కన నిలిచినవారి తూకమును గూడ నిర్ణయించు వాడుక మనలో నున్నది. పెండ్లిచూపులనాడు కన్యను, పురుడు వచ్చిన పిదప కోడలిని, నలువది యేండ్లు దాటిన పిమ్మట అత్తను, ఎవరిని గాని ఈ తూకము విడువదు. తీర్పు మాత్ర మెల్లప్పుడు నొకటే: ఆమెకు నోటి యదుపు లేదు, ఒళ్లు వంచి పని చేయదు.

ఈ తీర్పు ఎంతవఱకు న్యాయమో విచారించుటకై ఈ నెల ఈ పుటలను వినియోగించుచున్నాము. విచారణకు వలసిన సాక్ష్యము దూరదేశములందే గాక మన హైదరాబాదు నగరమునను దొరకుచున్నది. ఎర్రగడ్డ స్టేషనులో మెట్రో బండి యెక్కి, అమీర్‌పేటలో బండి మాఱి, తార్నాకలో దిగినచో, ఆ సాక్ష్యము లభించిన జాతీయ పోషకాహార సంస్థ సమీపముననే యున్నది. అచ్చటి సాక్షులు మనుష్యులు గారు, ఎలుకలు. వాని కథకు ముందుగా క్రొవ్వు కథ తెలిసికొనవలసి యున్నది.

చిరకాలము వైద్యులు సైతము క్రొవ్వును మూటగట్టి మూలనుంచిన సామానువలెనే తలచిరి. మిగిలిన ఆహారము క్రొవ్వుగా మాఱి చర్మము క్రిందను, కడుపులోను చేరును. అవసరమైనపుడు కరగి శరీరమునకు శక్తి నిచ్చును. దాని పని యింతియే యనిరి. ఇది సత్యమే గాని సగము సత్యము. క్రొవ్వు ధాన్యపు గాదె వంటిదే. అయితే ఆ గాదెకు కాపరియు నున్నాడు. లోపల నిల్వ యెంత యున్నదో అతడు నిత్యము ఇంటి యజమానురాలికి కబురు పంపుచుండును. ఆ కబురునకే లెప్టిను అని పేరు.

ఒక అవయవమున పుట్టి, రక్తమున ప్రయాణించి, వేఱొక అవయవమును నడపు పదార్థమును హార్మోను అందురు. మధుమేహము మూలమున ఇన్సులిను పేరును, మెడయందలి గ్రంథి మూలమున థైరాయిడు పేరును మన యిండ్లలో ఎఱిగినవే. లెప్టిను ఆ కోవలోనిదే. అది 146 అమినో ఆమ్లములు దండగా గ్రుచ్చినట్లున్న యొక మాంసకృత్తు. క్రొవ్వు కణములలో పుట్టి, రక్తము వెంబడి మెదడు అడుగున నున్న హైపోథాలమస్ అను చిన్న భాగమును చేరును. ఆకలి, దాహము, శరీరపు వేడిమి, ఋతుక్రమము మున్నగువానిని దిద్దు కచ్చేరీ అదియే. నిల్వ హెచ్చినకొలది లెప్టిను హెచ్చును. "ఇంటిలో ధాన్యమున్నది, తొందర లేదు" అని మెదడు ఆకలిని కొంత తగ్గించును. నిల్వ తగ్గినచో లెప్టినును తగ్గును. "కఱవు వచ్చుచున్నది" అని మెదడు ఆకలిని రేపి, ఖర్చును తగ్గించును.

ఈ సంగతి బయటపడుటకు నలువదియైదేండ్లు పట్టినది. 1949లో అమెరికాలోని బార్ హార్బరు పట్టణమున, జాక్సన్ ప్రయోగశాలయందు పెంచుచున్న చిట్టెలుకలలో కొన్ని మితిమీఱి తిని మిక్కిలి లావుగా నెదుగుట కనిపెట్టబడెను. అది జన్మతః వచ్చిన లోపము. తరువాత 1960 దశకమున అచ్చటనే లావుతోబాటు మధుమేహమును గల వేఱొక జాతి చిట్టెలుకలు కనబడెను. డగ్లస్ కోల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు రెండు చిట్టెలుకల రక్తప్రవాహములను శస్త్రచికిత్సచే కలిపి, ఒకదాని రక్తములోని పదార్థము రెండవదానిపై నేమి చేయునో పరీక్షించెను. మొదటి జాతి లావు చిట్టెలుకను మామూలు చిట్టెలుకతో కలిపినపుడు లావు చిట్టెలుక తిండి తగ్గించి చిక్కెను. మధుమేహపు చిట్టెలుకతో కలిపినపుడు, అది తిండియే మాని చనిపోయెను. మధుమేహపు చిట్టెలుక మాత్రము యథాప్రకారము తినుచునే యుండెను.

దీనినుండి కోల్‌మన్ చేసిన యూహ నేటికిని మెచ్చుకొనదగినది. మొదటి జాతికి "చాలు" అని చెప్పు కబురే పుట్టదు. రెండవ జాతికి కబురు మెండుగా పుట్టును గాని, దానిని విను చెవి లేదు. కబురు నెవరును కంట చూడకుండగనే అతడిట్లు తేల్చెను. 1994 డిసెంబరులో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందమువారు ఆ కబురును పుట్టించు జన్యువును కనుగొని ప్రకటించిరి. సన్నన అను అర్థముగల గ్రీకు పదమునుండి దానికి లెప్టిను అను పేరు పెట్టిరి. మఱుసటి యేడు, 1995లో, దానిని విను చెవియు దొరకెను. దానినే లెప్టిను గ్రాహకము అందురు.

ఎలుకల మాట మనుష్యులకు వర్తించునా యని సందేహింపవచ్చును. 1997లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి వైద్యులు ఒకే కుటుంబములోని యిద్దఱు పిల్లలను గూర్చి ప్రకటించిరి. బాలికకు 8 యేండ్లు, తూకము 86 కిలోలు. బాలునికి 2 యేండ్లు, తూకము 29 కిలోలు. వారి రక్తములో లెప్టిను దాదాపు లేనేలేదు. ఎంత తినినను ఆకలి తీఱని పిల్లలు వారు. అట్టి లోపముగల యొక బాలికకు దినమున కొక లెప్టిను సూదిమందు చొప్పున ఇచ్చిన చికిత్స 1999లో ప్రకటింపబడెను. ఏడాదిలో ఆమె 16 కిలోలకు పైగా తగ్గెను. అంతకన్న ముఖ్యముగా, ఆకలి శాంతించెను. అంతకుముందు ఆ బిడ్డను గాని, తల్లిని గాని "అదుపు లేదు" అని నిందించినవారు ఏమి సమాధానము చెప్పగలరు? అదుపు చేయు పదార్థమే శరీరమున లేనపుడు అదుపు ఎచ్చటినుండి వచ్చును?

ఇది మిక్కిలి అరుదైన వ్యాధి. లావుగా నున్నవారిలో అత్యధికులకు లెప్టిను లోపము లేదు. పైగా వారి రక్తమున లెప్టిను హెచ్చుగానే యుండును. కబురు వెళ్లుచునే యున్నది, మెదడు దానిని సరిగా వినుటలేదు. ఈ వినికిడి లోపమును లెప్టిను నిరోధమందురు. దీని నర్థము చేసికొనుటకే తార్నాక యెలుకలు పనికివచ్చినవి.

జాతీయ పోషకాహార సంస్థ మొదట హైదరాబాదున పుట్టలేదు. 1918లో నీలగిరులయందలి కూనూరున రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు, బెరిబెరి వ్యాధిని విచారించుటకై ఒకే గదిలో నెలకొల్పిన ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో ఇప్పటి పేరు దాల్చెను. 1920 నాటినుండి ఆ సంస్థ విస్టార్ జాతి తెల్లయెలుకలను బయటి సంపర్కము లేకుండ తమలో తామే సంతానము పొందునట్లు పెంచుచు వచ్చినది. ఏ యాహారమున నే గుణమున్నదో పరీక్షించుటకు ఒక్కతీరుగ నుండు యెలుకలు కావలెను గదా.

ఆ మందలో 1996, 1997 ప్రాంతమున మనుష్య ప్రయత్నము లేకుండగనే యొక మార్పు పొడసూపెను. కొన్ని పిల్లలు నెల దాటిన పిమ్మట తోబుట్టువులకంటె త్వరత్వరగా లావెక్కజొచ్చెను. ఎన్.వి. గిరిధరన్ గారు వానిని వేఱుపఱచి రెండు వంశములుగా పెంపొందించిరి. ఒకదానికి డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./ఓబ్ అనియు, రెండవదానికి డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./జి.ఆర్.-ఓబ్ అనియు పేర్లు. మొదటి వంశమునకు లావున్నను రక్తములో చక్కెర మామూలుగానే యుండును. రెండవ వంశమునకు లావుతోబాటు చక్కెరను శరీరము సరిగా వినియోగించుకొనలేని లోపమును గలదు. వీనిలో కొన్ని యెలుకలు ఒక కిలోకు మించి తూగినవి; మామూలు ఎలుక దానిలో సగము తూగుటయు కష్టమే.

ఆ యెలుకల రక్తమును పరీక్షింపగా లెప్టినును, ఇన్సులినును, క్రొవ్వు పదార్థములును మిక్కిలి హెచ్చుగా కనబడినవి. అనగా గాదె కాపరి గొంతు చించుకొని కేకలు వేయుచున్నాడు, యజమానురాలు మాత్రము "ఇంకను ధాన్యము తెండు" అనుచున్నది. లోప మెక్కడ నున్నదని వెదకగా, ఐదవ క్రోమోజోముపై, లెప్టిను గ్రాహకపు జన్యువునకు సమీపమున నున్నట్లు పరిశోధకులు గుర్తించిరి.

ఈ వంశములు నిలుచు తీరును గృహిణులు గమనింపదగినది. లావు ఎలుకలకు, ఆడువానికి గాని మగవానికి గాని, సంతానము కలుగదు. లోపమును సగపాలు మోయు ఎలుకలు చూచుటకు నడిమి తూకమున నుండును. వానిని జతపఱచినచో, సగటున నాలుగు పిల్లలలో ఒకటి సన్ననిది, రెండు నడిమివి, ఒకటి లావుది పుట్టును. ఒకే తల్లి, ఒకే పాలు, ఒకే పంజరము, ఒకే మేత. అయినను బిడ్డల తీరు వేఱు. "అక్క సన్నగా నున్నదిగదా, చెల్లెలి కేమి వచ్చినది?" అని ప్రశ్నించువారికి ఈ యెలుకలే కొంత సమాధానము చెప్పగలవు. మనుష్యులలో ఇట్టి గుణము ఒక్క జన్యువుచే గాక అనేక జన్యువులచేతను, ఆహారముచేతను, పనిచేతను, నిద్రచేతను కలసి యేర్పడునని మాత్రము మఱువరాదు.

లావు ఎలుకలకు వయసుతోబాటు కంటి శుక్లములును, కణుతులును, వంగిన వెన్నును సంభవించుట చూచి, లావునకును ఈ వ్యాధులకును గల సంబంధమును విచారించుటకు వానిని వినియోగించిరి. ఆహారమున చేర్చు పదార్థములు ఏ మేలు చేయునో చూచుటకును వానినే పరీక్షాపాత్రములుగా జేసికొనిరి. విదేశములనుండి వ్యాధిగ్రస్తమైన ఎలుకలను తెప్పించుకొనవలసిన చోట, మన నగరమున పుట్టిన వంశమే పరిశోధనకు లభించుట చిన్న సంగతి కాదు.

ఇక స్త్రీలకు ప్రత్యేకముగా సంబంధించిన విషయమునకు వత్తుము. ఒకే పాటి క్రొవ్వుగల పురుషునికన్న స్త్రీ రక్తమున లెప్టిను హెచ్చుగా నుండును. గర్భిణికి మాయయు లెప్టినును పుట్టించును. తల్లిపాలలోను అది యున్నది. స్త్రీ శరీరమునకు క్రొవ్వు కేవలము భారము గాదు. బిడ్డను మోయగల శక్తి యింటిలో నున్నదా లేదా యని మెదడు తెలిసికొను ఆధారములలో నొకటి. నిల్వ మిక్కిలి తగ్గినపుడు, లెప్టిను పడిపోయి, మెదడు ఋతుక్రమమును ఆపివేయుటయు గలదు. కఱవు దినములలో బిడ్డ పుట్టుట తల్లికిని బిడ్డకును అపాయమని శరీరము తలపోసినట్లుండును.

2004లో ప్రకటింపబడిన యొక అమెరికా పరీక్షలో, మితిమీఱిన వ్యాయామముచేతనో తూకము తగ్గుటచేతనో ఋతువు నిలిచిపోయిన యెనమండుగురు స్త్రీలకు లెప్టిను ఇచ్చిరి. వారిలో మువ్వురికి అండము విడుదలయై ఋతుక్రమము తిరిగి వచ్చెను. దీనినిబట్టి లెప్టిను మందుగా కొనుక్కొనుడని మేము చెప్పుటలేదు. పెండ్లి ముహూర్తము దగ్గఱపడినదని రెండు నెలలు పస్తులుండి నడుము సన్నము చేసికొను కన్యలకు మేము చెప్పునది వేఱు. నెల తప్పుట ఆ పస్తులకు శరీరము పలికెడి ఫిర్యాదు కావచ్చును. "పెండ్లి హడావుడిలో మామూలే" అని తల్లులు దానిని కొట్టివేయక, వైద్యురాలికి చూపవలెను. సన్నదనము అందమనుకొన్నను, ఎముకలకు బలము నిచ్చు స్త్రీ హార్మోనులు ఆ కాలమంతయు తక్కువగా నుండునని యెఱుంగవలెను.

పస్తులవలన తగ్గిన తూకము తిరిగి యేల వచ్చునో కూడ దీనివలన తెలియుచున్నది. తూకము తగ్గగనే లెప్టిను తగ్గును, ఆకలి హెచ్చును, శరీరము మునుపటికన్న పొదుపుగా ఖర్చు చేయును. పథ్యము విడిచిన స్త్రీని "నాలుగు నాళ్ల ముచ్చట" యని వెక్కిరించుట సులభము. ఆమె పోరాడుచున్నది నాలుకతో మాత్రమే కాదు, కఱవు భయమును వేలయేండ్లుగా నేర్చిన మెదడుతో. అందుచే తూకము తగ్గింపదలచినవారు మెల్లమెల్లగా, తమ యిల్లు కలకాలము మోయగల మార్పులతో సాగుట మేలు.

మన దేశపు శిశువులను గూర్చి పుణె నగరమున యాజ్ఞిక్ గారును వారి సహచరులును చేసిన పరిశీలన యొకటి కలదు. పుణె ప్రాంతపు పల్లెలలో శిశువులు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోలు తూగగా, ఇంగ్లండు శిశువులు 3.5 కిలోలు తూగిరి. మనవారి కండ తక్కువ, అయినను క్రొవ్వు మాత్రము అంతగా తక్కువ కాదు. చూపునకు సన్నని బిడ్డయే లోపల క్రొవ్వు గలవాడు. కాబట్టి సన్నగా నున్నంతమాత్రమున మధుమేహము రాదని ధైర్యపడరాదు. గర్భిణి యాహారమున కండను పెంచు పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలకు లోటు రానీయరాదు. ఇంటిల్లిపాదికిని వడ్డించి, అడుగంటిన చారుతో తాను తిను కోడలి కంచములోనే రాబోవు తరపు ఆరోగ్యము వడ్డింపబడుచున్నదని అత్తగార్లు తలంపవలెను.

లెప్టిను ఇప్పుడు మందుగా నున్నదా యందురేమో. ఉన్నది, కాని కొలదిమందికే. పుట్టుకతోనో తరువాతనో శరీరమున క్రొవ్వు కణములే నశించు అరుదైన వ్యాధి యొకటి కలదు. వారికి లెప్టిను పుట్టు చోటే యుండదు గనుక క్రొవ్వు కాలేయమునకు చేరి, మధుమేహము ముదురును. అట్టివారికై మెట్రెలెప్టిను అను సూదిమందును జపాను 2013లోను, అమెరికా 2014లోను, ఐరోపా 2018లోను అంగీకరించినవి. దానికిని అపాయములు లేకపోలేదు. నిపుణుల కనుసన్నలలోనే వాడదగినది. సామాన్యముగా లావుగా నున్నవారికి లెప్టిను ఇచ్చి చూచిన పరీక్షలు ఆశించిన ఫలము నీయలేదు. వినని చెవిలో మఱింత గట్టిగా కేక వేసిన ప్రయోజన మేమి?

కాబట్టి లెప్టిను పేరు పెట్టి మాత్రలును, పొడులును అమ్మువారి మాట నమ్మి సొమ్ము పోగొట్టుకొనవలదు. లెప్టిను మాంసకృత్తు, నోట మ్రింగినచో కందిపప్పువలెనే కడుపులో జీర్ణమై పోవును గాని రక్తమున లెప్టినుగా చేరదు. ఇన్సులినును మాత్రగా మ్రింగక సూదితో తీసికొనుటకు కారణమిదియే. ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొనినను ఇంటి ఖర్చులో కొన్ని వేలు మిగులును.

ఇంటిలో మనము చేయగల పనులను సంగ్రహముగా చెప్పుదుము. నిద్రను దొంగిలింపకుడు. 2004లో చికాగోలో పండ్రెండుగురు యువకులకు రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్ర యీయగా, లెప్టిను నూటికి 18 వంతులు తగ్గి, ఆకలి రేపు హార్మోను 28 వంతులు హెచ్చెను. తరువాతి పరీక్షలన్నియు నొకే ఫలము నీయలేదు గాని, నిద్రలేమి ఆకలిని పెంచుననుట పెక్కింటిలో కనబడినది. అందఱికన్న ఆలస్యముగా పండుకొని అందఱికన్న ముందుగా లేచు గృహిణికి ఆ గంట నిద్ర విలాసము కాదు, హక్కు.

పసితనముననే తీఱని యాకలితో మితిమీఱి లావెక్కు బిడ్డను కొట్టి, తిట్టి, కంచము లాగుకొనక, పిల్లల వైద్యునికి చూపుడు. కార్మిక బీమాగల ఎర్రగడ్డ కుటుంబములకు ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి చేరువనే యున్నది. మఱియొక మాట. ఎర్రగడ్డ పేరు వినగనే మానసిక చికిత్సాలయమును తలచుకొని పరిహాసమాడు దురలవాటు నగరమున నున్నది. మనోవ్యాధులకు వాడు మందులలో కొన్ని ఆకలిని, తూకమును హెచ్చించును. అట్టి మందు వాడు స్త్రీని లావు పేరిట ఎగతాళి చేసినచో ఆమె మందు మానివేయును, వ్యాధి తిరుగబెట్టును. మందు మార్పు వైద్యునితో మాటలాడి చేసికొనవలసినదే గాని తనంతట తాను మానరాదు.

తూకము ఆరోగ్యమునకు సంబంధింపదని మేము వాదించుటలేదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు మన యిండ్లలో పెరుగుచున్న మాట నిజము. నడక, కాయకష్టము, మితాహారము వానికి అడ్డుకట్టలే. అయితే చికిత్స వేఱు, శిక్ష వేఱు. నిందవలన ఎవరి లెప్టినును దిద్దుకొనలేదు. సిగ్గుచే దాగి తినుట మాత్రము పెరిగినది. ఇకమీదట ఎవరి నడుమునైనను చూచి తీర్పు చెప్పబోవునపుడు, ఒకే పంజరమున ఒకే మేత తినిన తార్నాక తోబుట్టువులను ఒకసారి తలచుకొనుడు. నోటిదాక వచ్చిన మాటను మ్రింగివేయుటయు పథ్యములలో నొకటియే.